ఇంట్లోనే రోటరీ ఇంజిన్ ఓవరాలింగ్: కూర్చడం ఒక రోజు, కొలవడం ఒక నెల

మీ మజ్దా ఆర్‌ఎక్స్-7 కారు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు బాగానే స్టార్ట్ అవుతుంది. గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపి, పది నిమిషాలాగి మళ్లీ తాళం తిప్పితే మాత్రం సెల్ఫ్ గిరగిరా తిరుగుతుందే గాని ఇంజిన్ అందుకోదు. చల్లారేదాకా కూర్చోవాల్సిందే. ఇలాంటి బండిని మన ఊరి మెకానిక్కుకి చూపిస్తే "ఇంజిన్ బోరుకొచ్చింది సార్" అంటాడు. జబ్బు అదే, కంప్రెషన్, అంటే లోపలి గాలిని నొక్కిపట్టే బలం, పోయింది. కాని ఈ ఇంజిన్‌కి కొట్టించడానికి బోరు లేదు, మార్చడానికి పిస్టన్లు లేవు, వాల్వులు అసలే లేవు. దీని ఓవరాలింగ్ తీరే వేరు.

ఇంట్లో చేసుకోగలమా అంటే, చేసుకోవచ్చు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో పోలిస్తే ఇందులో కదిలే భాగాలు చాలా తక్కువ. నా మొదటి ఇంజిన్‌ని ఒక శనివారం పొద్దున మొదలుపెట్టి చీకటి పడేలోపు కూర్చేశాను. మూడు నెలల్లో దాన్ని మళ్లీ విప్పాల్సి వచ్చింది. కూర్చడంలో తప్పేమీ చేయలేదు. పాత భాగాల్లో ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో కొలిచి చూడకుండా, కంటితో చూసి "బాగానే ఉందిలే" అనుకున్నాను. అందుకే ఇక్కడ కొలతల దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాం, బోల్టులు విప్పే దగ్గర త్వరగా దాటేస్తాం.

ఇక్కడ చెప్పే అంకెలన్నీ 1986 నుంచి 1991 దాకా అమెరికాలో అమ్మిన రెండో తరం ఆర్‌ఎక్స్-7లోని టర్బో లేని 13బి అనే రోటరీ ఇంజిన్‌వి. తర్వాతి మోడల్ ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజిన్ కూడా 13బి కుటుంబమే అయినా దాని కొలతలు వేరు. ఆ కారున్నవాళ్లు పద్ధతి తీసుకోండి, అంకెలు తీసుకోకండి. ఏ తరం వాళ్లయినా తమ ఏడాది మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ బల్ల మీద తెరిచి పెట్టుకోకుండా పని మొదలుపెట్టొద్దు.

ముందు లోపల ఏముందో

రెండు గింజల వేరుశనగ కాయని నిలువుగా చీల్చి చూడండి. మధ్యలో కాస్త నొక్కినట్టు నడుము ఉంటుంది కదా, రోటర్ హౌసింగ్ లోపలి ఆకారం అలాంటిదే. అందులో తిరిగే రోటర్ ఉబ్బిన సమోసాలా మూడు మూలలతో ఉంటుంది. రోటర్ ఒక చుట్టు తిరిగేలోపు మధ్యలోని ఎక్సెంట్రిక్ షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. మనవాళ్ల నోట అది ఈ-షాఫ్టు. ఒక్కో రోటర్‌ది 654 సీసీ, రెండూ కలిపి 1308.

ఇంజిన్ మొత్తం ఐదు పొరల పేర్పు. ముందు ఐరన్, ముందు రోటర్ హౌసింగ్, మధ్య ఐరన్, వెనక రోటర్ హౌసింగ్, వెనక ఐరన్. ఐరన్లు పోత ఇనుము, హౌసింగ్‌లు అల్యూమినియం. అల్యూమినియం లోపల ఉక్కు రేకు, దాని మీద క్రోమ్ పూత. వెనక నుంచి ముందుకి దూర్చిన పొడవాటి టెన్షన్ బోల్టులు ఈ ఐదింటినీ కలిపి పట్టుకుంటాయి.

పిస్టన్ రింగులు చేసే పనిని ఇక్కడ మూడు రకాల సీళ్లు పంచుకుంటాయి. రోటర్ మూలల్లో ఎపెక్స్ సీళ్లు, పక్క ముఖాల అంచుల వెంట విల్లులా వంగిన సైడ్ సీళ్లు, ఆ రెండూ కలిసే చోట గుండీల్లాంటి కార్నర్ సీళ్లు. రెండు రోటర్లకీ కలిపి ఎపెక్స్ 6, సైడ్ 12, కార్నర్ 12. ఇవి కాక ఆయిల్ రింగులు 8. వీటన్నిటి వెనకా స్ప్రింగులుంటాయి. ఈ లెక్క గుర్తుంచుకోండి, విప్పేటప్పుడూ కూర్చేటప్పుడూ లెక్కపెట్టుకోవడానికి పనికొస్తుంది.

విప్పే ముందు గేజ్ పెట్టండి

రోటరీకి ప్రత్యేకమైన కంప్రెషన్ టెస్టర్ ఉంది, అది అందరి దగ్గరా ఉండదు. మామూలు గేజ్ తీసుకుని అందులో ఒత్తిడిని పట్టి ఉంచే చిన్న వాల్వును పీకేయండి. రోటర్ మూడు ముఖాలకీ హౌసింగ్ గోడకీ మధ్య మూడు అరలు, అంటే గదులు, ఉంటాయి. అప్పుడు ముల్లు ఒకచోట నిలవకుండా ప్రతి అర వచ్చినప్పుడల్లా ఎగిరిపడుతుంది. ఇంజిన్ వేడిగా ఉండాలి, బ్యాటరీ నిండుగా ఉండాలి, ఇంధనం ఫ్యూజు తీసేయాలి, ఇగ్నిషన్ కట్టేయాలి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టాలి. ఒక రోటర్‌కి ఒక ప్లగ్గు తీసి గేజ్ బిగించి, రెండో ప్లగ్గు అలాగే ఉంచండి. సెల్ఫ్ కొడుతూ ఫోన్‌లో వీడియో తీయండి. తర్వాత నెమ్మదిగా నడిపి చూస్తే మూడు అరల మూడు దూకుళ్లూ విడివిడిగా కనిపిస్తాయి.

నిమిషానికి 250 చుట్ల దగ్గర 85 పీఎస్ఐ కన్నా తగ్గితే మాన్యువల్ ప్రకారం ఇంజిన్ అయిపోయినట్టే. 100 దాటితే ఆరోగ్యం. అరల మధ్య తేడా 21 మించకూడదు. డెన్వర్ లాంటి ఎత్తైన ఊళ్లలో అంకెలు సహజంగానే తగ్గుతాయి, అది లెక్కలో పెట్టుకోండి.

ఇక్కడ ఒక చిన్న కిటుకు ఉంది. ఎపెక్స్ సీలు రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ లాంటిది. అది విరిగితే రెండు పక్కలా ఒత్తిడి పోతుంది. కాబట్టి మూడు దూకుళ్లలో వరసగా రెండు తక్కువై ఒకటి బాగుంటే, ఆ రెండిటి మధ్య ఎపెక్స్ సీలు మీద అనుమానం పెట్టుకోండి. ఒక్కటే తక్కువైతే సైడ్ సీలో కార్నర్ సీలో. మూడూ సమానంగా నీరసంగా ఉంటే ఇంజిన్ మొత్తం అరిగిందన్నమాట.

కంప్రెషన్ బాగానే ఉండి కూలెంట్ మాయమవుతోందనుకోండి. పొద్దున స్టార్ట్ చేయగానే తియ్యటి వాసనతో తెల్లపొగ, రేడియేటర్ మూత తీస్తే బుడగలు కనిపిస్తే అది ఐరన్‌కీ హౌసింగ్‌కీ మధ్య ఉండే నీళ్ల సీలు పోవడం. దానికీ ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే, దగ్గర దారి లేదు.

దింపడం, విప్పడం

ఇంజిన్ దింపడం ఏ కారుకైనా ఒకటే కాబట్టి దాని గురించి చెప్పను. ప్రతి వైరుకీ ప్రతి వాక్యూమ్ పైపుకీ చీటీ కట్టండి, అంతే. ఈ కారులో వాక్యూమ్ పైపులు ఎన్నున్నాయో చూశాక నా మాట గుర్తొస్తుంది.

అసలు కుస్తీ ఫ్లైవీల్ నట్టుతో. 54 మి.మీ. నట్టు, బిగింపు 392 నుంచి 490 న్యూటన్ మీటర్లు. అంటే 80 కేజీల మనిషి అర మీటరు బారు చివర నిలబడితే వచ్చే బలం, అదీ కనీసం. మరలకి రాసిన పాత లాక్‌టైట్ జిగురు పట్టు దానికి అదనం. ఫ్లైవీల్ తిరగకుండా గట్టిగా బంధించి, పొడవాటి బారుతో లేదా మంచి ఇంపాక్ట్ గన్‌తో వదులు చేయండి. నట్టు వదులయ్యాక పూర్తిగా తీసేయకండి, రెండు మరలు ఉండనివ్వండి. ఫ్లైవీల్, కొసకి సన్నబడే షాఫ్టు మీద కరుచుకుని ఉంటుంది. పుల్లర్ పెట్టినప్పుడు అది ఉన్నట్టుండి టప్పుమని ఊడుతుంది. నట్టు లేకపోతే పది కేజీల దాకా బరువు నేరుగా మీ పాదం మీదికి.

తర్వాత ఆయిల్ పాన్, ముందు పుల్లీ, ముందు కవరు, ఆయిల్ పంపు గొలుసు. అవి తీశాక ఇంజిన్‌ని ముక్కు కిందికి, వెనక భాగం పైకి వచ్చేలా నిలబెట్టండి. టెన్షన్ బోల్టుల్ని ఒక్కోదాన్నీ ఒకేసారి పూర్తిగా విప్పకుండా, మాన్యువల్‌లోని వరసలో కొంచెం కొంచెంగా వదులు చేయండి. ఒక అట్టముక్క మీద బోల్టుల స్థానాలు గీసి, ఏ బోల్టు ఆ కన్నంలోనే గుచ్చి పెట్టుకోండి.

వెనక ఐరన్ ఎత్తేటప్పుడు తొందరపడొద్దు. నూనె జిగురుకి కార్నర్ సీళ్లు ఐరన్‌కి అతుక్కుని పైకి వస్తాయి, తర్వాత ఎప్పుడో జారి పడతాయి. రెండు వేళ్ల మందం ఎత్తి, కింద వేలు పెట్టి తడిమి, అప్పుడు తీయండి. ప్రతి సీలూ ఏ రోటర్‌ది, ఏ ముఖానిది, ఏ మూలదో రాసి పెట్టాలి. నేను రెండు గుడ్ల ట్రేలు వాడాను, ఒకటి ముందు రోటర్‌కి, ఒకటి వెనకదానికి. పాత సీళ్లు ఎలాగూ మారుస్తాం కదా, ఈ తద్దినమంతా ఎందుకు అనుకోకండి. ఏది ఎక్కడ ఎంత అరిగిందో చూస్తేనే జబ్బుకి కారణం దొరుకుతుంది.

కడగడం

రోటర్ల మీద బొగ్గు రాయిలా పట్టి ఉంటుంది. పోత ఇనుము కాబట్టి రసాయనంలో నానబెట్టొచ్చు. మధ్యలోని బేరింగుకి మాత్రం అది తగలనివ్వకండి, మెత్తటి లోహం. వంటింటి ఓవెన్ క్లీనర్ లాంటి కాస్టిక్ ఉన్నవాటిని అల్యూమినియం హౌసింగ్‌ల దగ్గరికి రానివ్వొద్దు, తినేస్తుంది. ఎపెక్స్ గాడి శుభ్రం చేయడానికి పాత ఎపెక్స్ సీలు ముక్కను మించిన పనిముట్టు లేదు. సరిగ్గా ఆ గాడి కొలతదే కదా. తీగల బ్రష్షు బిగించిన గ్రైండరుతో గాడుల జోలికి మాత్రం వెళ్లొద్దు, అంచులు గుండ్రబడితే రోటర్ పోయినట్టే.

ఇప్పుడు కొలతలు

ఒక నోటుబుక్కు, మైక్రోమీటరు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట), డయల్ గేజ్, నిక్కచ్చిగా తిన్నగా ఉన్న స్ట్రెయిట్ ఎడ్జ్. వీటికి ఖర్చు పెట్టడానికి వెనకాడకండి. ఈ పనిలో రెంచీల కన్నా ఇవే ఎక్కువ డబ్బు మిగులుస్తాయి.

మొదట రోటర్ హౌసింగ్. లోపలి క్రోమ్ మీద గోరు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పండి. ప్లగ్గుల కన్నాల దగ్గర, అంచుల వెంట పూత పొలుసులుగా లేచిందా చూడండి. అంచున సన్నటి గీత మేర పోతే కొంతమంది అలాగే వాడుకుంటారు. సీలు నడిచే దారి మధ్యలో ఊడితే మాత్రం హౌసింగ్ మార్చాల్సిందే. బోరు కొట్టి ఓవర్‌సైజు పిస్టను వేసే సౌకర్యం ఇక్కడ లేదు. హౌసింగ్ మందాన్ని చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి. ఎక్కువకీ తక్కువకీ తేడా 0.06 మి.మీ. మించితే అది వేడికి వంగింది.

అడ్డంగా వరసగా అలల్లాంటి గీతలు కనిపిస్తే వాటిని చాటర్ మార్కులంటారు. మజ్దా చరిత్రంతా ఈ గీతల చుట్టూనే తిరిగింది. జర్మనీలో ఫెలిక్స్ వాంకెల్ ఆలోచనని ఎన్‌ఎస్‌యూ కంపెనీ ఇంజిన్‌గా మలిస్తే, లైసెన్సు కొనుక్కున్న మజ్దాలో కెనిచి యమమొటో బృందానికి మొదట ఎదురైన శత్రువు ఇదే. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు "దెయ్యం గోటి గీతలు". ఎపెక్స్ సీలు వణుకుతూ గోడని గీకేసేది. సీలు పదార్థాన్నీ ఆకారాన్నీ మార్చి మార్చి చూసి ఆ వణుకుని అదుపులోకి తెచ్చాకే 1967లో కాస్మో స్పోర్ట్ కారు బయటికొచ్చింది. అదే కంపెనీ 1991లో నాలుగు రోటర్ల 787బి రేసు కారుతో లెమాన్ 24 గంటల రేసు గెలిచింది. మనకి చిన్నప్పుడు మజ్దా అంటే స్కూలు పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే స్వరాజ్ మజ్దా వ్యానే. ఆ పేరుకి వెనక ఇంత కథ ఉందని నాకు అమెరికా వచ్చాకే తెలిసింది.

ఐరన్ల దగ్గరికి వద్దాం. స్ట్రెయిట్ ఎడ్జ్ అడ్డంగా, నిలువుగా, మూలమూలలకీ పెట్టి కింద ఫీలర్ గేజ్ దూర్చి చూడండి. వంపు 0.04 మి.మీ. మించకూడదు. తర్వాత అరుగుదల. సైడ్ సీళ్లు, ఆయిల్ రింగులు రాసుకున్న దారులు మెరుస్తూ కనిపిస్తాయి. డయల్ గేజ్‌ని ఆ దారికి అడ్డంగా జరపండి. మెట్టు లోతు 0.10 మి.మీ. దాటితే ఐరన్ ఉన్నదున్నట్టు పనికిరాదు. మెషిన్ షాపులో ల్యాపింగ్ చేయించి చదును చేయొచ్చు. కాని ఐరన్ పైపొరని నైట్రైడింగ్‌తో గట్టిపరిచి ఉంటారు, ల్యాపింగ్‌లో ఆ పొర పోతుంది. మళ్లీ గట్టిపరచకుండా వాడితే త్వరగా అరుగుతుంది. బాగున్న పాత ఐరన్ దొరికితే నా ఓటు దానికే.

నీళ్ల సీళ్లు కూర్చునే గాడులూ అంచులూ కూడా చూడాలి. కూలెంట్ ఏళ్ల తరబడి మార్చని ఇంజిన్లలో ప్లగ్గుల వైపు, అంటే వేడి ఎక్కువుండే వైపు, అక్కడ తుప్పు గుంటలు పడతాయి. కొత్త ఓ రింగు వేసినా ఆ గుంటలోంచి నీళ్లు దారి వెతుక్కుంటాయి.

ఎపెక్స్ సీళ్లు 2 మి.మీ. మందం. కొత్తదాని ఎత్తు 8 మి.మీ., 6.5కి వస్తే పారేయాలి. సీలుకీ గాడికీ మధ్య సందు 0.15 మించితే రోటర్ గాడే అరిగింది. సీళ్ల స్ప్రింగులు వేడికి చచ్చుబడతాయి. పాతదాన్ని కొత్తదాని పక్కన పెడితే వంపు ఎంత తగ్గిందో కంటికే తెలుస్తుంది. ఆయిల్ రింగు పెదవి వెడల్పు 0.5 మి.మీ. దాటితే అది నూనె గీకడం మానేసింది, నీలంపొగ అక్కణ్ణుంచే.

బేరింగులకి ప్లాస్టిగేజ్ (నలిగిన వెడల్పుతో సందు ఎంతో చూపే మెత్తటి తీగ) వేసి చూడండి. రోటర్ బేరింగుకైనా మెయిన్ బేరింగుకైనా సందు 0.04 నుంచి 0.08 లోపు ఉండాలి, 0.10 హద్దు. బేరింగు మీద రాగి రంగు బయటపడితే కొలవక్కర్లేదు, మార్చేయండి.

ఈ కొలతలన్నీ నోటుబుక్కులో చేరాకే విడిభాగాలు ఆర్డరివ్వండి. స్ప్రింగులన్నీ, ఓ రింగులన్నీ, నీళ్ల సీళ్లన్నీ, ఎపెక్స్, సైడ్ సీళ్లు కొత్తవే వేయాలి, వీటిలో బేరం లేదు. కార్నర్ సీళ్లు, ఆయిల్ రింగులు కొలతలో నిలిస్తే వాడుకోవచ్చు. హౌసింగ్‌లు కొనాల్సి వచ్చిందా, మొత్తం బడ్జెట్ తారుమారే. ఆ మాట ఇంట్లో ముందే చెప్పి పెట్టుకోవడం మంచిది. ఎపెక్స్ సీళ్లు ఉక్కువీ సెరామిక్‌వీ కూడా అమ్ముతారు. రోజూ రోడ్డు మీద తిరిగే టర్బో లేని బండికి కంపెనీ సీళ్లే చాలు. ఉక్కు సీలు విరగదు, నిజమే. అది వంగి హౌసింగ్‌ని గీకితే వచ్చే నష్టం గురించి అమ్మేవాళ్లు చెప్పరు.

సైడ్ సీళ్ల ఆకురాయి పని

నా మొదటి ఇంజిన్ పాడైంది ఇక్కడే. పాత సైడ్ సీళ్లు నిగనిగలాడుతున్నాయి కదా అని మళ్లీ వేశాను. మూడు నెలలకి మళ్లీ వేడి మీద స్టార్ట్ అవడం మానేసింది. విప్పి ఫీలర్ గేజ్ పెడితే సీలు చివరకీ కార్నర్ సీలుకీ మధ్య 0.40 రేకు అలవోకగా దూరింది. 0.40 అంటే హద్దు. ఉండాల్సింది 0.05 నుంచి 0.15 లోపు.

కొత్త సైడ్ సీళ్లు కాస్త పొడుగ్గా వస్తాయి, మనమే అరగదీసుకోవాలి. ముందు కార్నర్ సీళ్లని వాటి కన్నాల్లో పెట్టండి. సైడ్ సీలుని గాడిలో పెట్టి ఒక చివరని ఒక కార్నర్ సీలుకి ఆనించండి. రెండో చివర దగ్గర ఎంత ఎక్కువైందో చూడండి. ఆ చివరని సన్నటి ఆకురాయి మీద రెండు మూడు సార్లు రుద్ది మళ్లీ పెట్టి చూడండి. కార్నర్ సీలు గుండ్రం కాబట్టి సీలు కొస కూడా ఆ వంపుకి సరిపోయేలా ఉండాలి. అడ్డంగా తెగ్గొట్టినట్టు ఉంటే ఒక పక్క సందు మిగిలిపోతుంది. 0.05 రేకు కొంచెం పట్టుగా దూరేదాకా రావాలి. ఎక్కువ రుద్దితే వెనక్కి రాదు, కొత్త సీలు తెచ్చుకోవడమే.

ఒక్కో సీలుకి పావుగంట. పన్నెండు సీళ్లకి మూడు గంటలు, నడుం నొప్పి అదనం. అయిపోయిన ప్రతి సీలునీ దాని గాడి నంబరు రాసిన కాగితంలో చుట్టి పెట్టండి. పక్క గాడిలో పెడితే ఈ శ్రమంతా వృథా.

కూర్చడం

గ్యారేజీ తుడిచి, తలుపు దించి, గాలికి దుమ్ము లేవని రోజు చూసుకోండి. ఒక పెద్ద డబ్బా వ్యాసలిన్ దగ్గర పెట్టుకోండి. ఈ పూటకి మీ మూడో చెయ్యి అదే.

ముందు ఐరన్‌ని చదునైన ముఖం పైకి వచ్చేలా స్టాండు మీద బిగించండి. షాఫ్టు ముక్కు కిందికి పొడుచుకొస్తుంది కాబట్టి దానికి చోటుండాలి. ముందు రోటర్ రెండు ముఖాలకీ ఆయిల్ రింగులు ఎక్కించండి. వేలితో నొక్కితే దిగి, వదిలితే పైకి లేవాలి. లేవకపోతే ఓ రింగు మెలిపడింది. తర్వాత కిందికి వెళ్లే ముఖానికి కార్నర్ సీళ్లు, సైడ్ సీళ్లు, వాటి స్ప్రింగులు వ్యాసలిన్‌తో అతికించి, రోటర్‌ని బోర్లించి ఐరన్ మీద దించండి. రోటర్ లోపలి పళ్లు ఐరన్‌లోని స్టేషనరీ గేరు (తిరగని గేరు) పళ్లతో కలవాలి. మూల ఏ గుర్తు వైపు చూడాలో మాన్యువల్‌లో బొమ్మ ఉంటుంది. బేరింగులకి ఇంజిన్ ఆయిల్ పోసి ఈ-షాఫ్టు దింపండి.

రోటర్ హౌసింగ్ దించే ముందు నీళ్ల సీళ్లు. ఇంజిన్ తరాన్ని బట్టి వాటి గాడి ఐరన్‌లోనో హౌసింగ్‌లోనో ఉంటుంది. సాగదీయకుండా, మెలిపడకుండా, వ్యాసలిన్ రాసి కూర్చోబెట్టండి. హౌసింగ్ కింది కాళ్ల దగ్గర సన్నగా సీలెంటు. పొరల్ని వరసలో నిలిపే డోవెల్ గొట్టాల చుట్టూ చిన్న ఓ రింగులు మర్చిపోకండి. అందులో ఒక గొట్టం గుండా ఆయిల్ నడుస్తుంది. ఆ పావలా రింగు కోసం ఇంజిన్ మొత్తం మళ్లీ విప్పినవాళ్లున్నారు.

హౌసింగ్ దిగాక ఎపెక్స్ సీళ్లు పై నుంచి జార్చి, వెనక స్ప్రింగులు పెట్టండి. సీలు కొసన ఉండే చిన్న త్రికోణం ముక్క ఏ వైపు రావాలో బొమ్మ చూసుకోండి. పై ముఖానికి కార్నర్, సైడ్ సీళ్లు పెట్టి, ప్రతిదాన్నీ వేలితో నొక్కి వదిలి చూడండి. నూనె ధారాళంగా పోయండి.

మధ్య ఐరన్‌కి ఇద్దరు మనుషులు కావాలి. ఐరన్ కన్నం షాఫ్టు మీది వెనక లోబ్‌ని, అంటే పక్కకి ఉబ్బిన భాగాన్ని, దాటి దిగాలంటే, ఒకరు షాఫ్టుని అంగుళం మేర, అంటే 25 మి.మీ. దాకా, పైకి ఎత్తి పట్టుకోవాలి. రెండోవాళ్లు పదిహేను కేజీలు దాటిన ఐరన్‌ని వంచి, తిప్పి, కిందికి దించాలి. షాఫ్టు అంతకన్నా లేస్తే రోటర్‌లోంచి బయటికొచ్చేస్తుంది. ఒంగోలు నుంచి వచ్చిన మా బావమరిది ఆ రోజు నాకు దొరికాడు. అక్కడ అతనిది ట్రాక్టర్ రిపేరు షెడ్డు. షాఫ్టు పట్టుకుని లోపలికి తొంగి చూసి, "బావా, దీంట్లో వాల్వులెక్కడ పెట్టారు?" అన్నాడు. లేవని చెబితే, "మరి టైమింగు ఎట్టా కలుపుతావు?" అని అడిగాడు. కలపక్కర్లేదు. గాలి వచ్చే దారినీ పొగ పోయే దారినీ రోటరే మూసి తెరుస్తుంది. గేరు పళ్లు తప్పు చోట కలిస్తే హౌసింగ్ అసలు దిగనే దిగదు. అదొక్కటే ఈ ఇంజిన్ మనకి చేసే ఉపకారం.

వెనక రోటర్‌కి ఇదే తంతు మళ్లీ. చివరిగా వెనక ఐరన్. ఆఖరి అంగుళం దగ్గర ఆగిపోతే సుత్తి తీయకండి. గేరు పళ్లు కలవలేదు, లేదా ఒక కార్నర్ సీలు పైకి లేచి అడ్డం పడింది. ఎత్తి చూసి మళ్లీ దించండి.

టెన్షన్ బోల్టుల మరలకి నూనె రాసి, మాన్యువల్ వరసలో మూడు విడతలుగా 31 నుంచి 39 న్యూటన్ మీటర్ల మధ్యకి తీసుకురండి. అడుగు-పౌండ్ల రెంచి అయితే 23 నుంచి 29. ప్రతి విడత తర్వాత షాఫ్టు చేత్తో తిప్పి చూడండి. బరువుగా, ఒకే తీరుగా తిరగాలి. ఎక్కడైనా ఠక్కున ఆగితే మీరూ ఆగండి.

ముక్కు దగ్గర ముల్లు

అంతా అయిపోయిందనుకున్న చోట ఒక ఉచ్చు ఉంది. షాఫ్టు ముందు చివర థ్రస్ట్ ప్లేట్లు, సూదుల బేరింగులు, వాటి మధ్య స్పేసరు, బరువు ముక్క, గేర్లు, అన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి ముందు బోల్టు బిగిస్తాం. బోల్టు పూర్తిగా బిగియక ముందు షాఫ్టు కాస్త వెనక్కి జరిగిందా, సూదుల బేరింగు తన చోటు నుంచి జారి పక్క అంచు కింద పడుతుంది. బయటికి ఏమీ కనిపించదు. మీరు బోల్టు బిగిస్తారు, బేరింగు నలుగుతుంది, సూదుల ముక్కలు నూనెలో కలిసి ఇంజిన్ అంతా తిరుగుతాయి.

అందుకే ముక్కు పైకి వచ్చేలా ఇంజిన్ నిలబెట్టి, ఫ్లైవీల్ కింద ఆసరా ఇచ్చి షాఫ్టు ముందుకే ఉండేలా చూసుకుని, అప్పుడు బోల్టు బిగించండి. తర్వాత డయల్ గేజ్ పెట్టి షాఫ్టుని ముందుకీ వెనక్కీ తోసి ఎండ్ ప్లే కొలవండి. 0.04 నుంచి 0.07 మి.మీ. రావాలి. ఎక్కువైనా తక్కువైనా, అక్షరం గుర్తులతో వేర్వేరు మందాల్లో దొరికే స్పేసరు మార్చి సరిచేయాలి. అసలు ఆట లేకుండా బిగుసుకుపోతే బేరింగు నలిగిందేమో చూడండి. భవిష్యత్తులో పుల్లీ సీలు మార్చడానికి ఈ బోల్టు విప్పినా ఇదే ప్రమాదం, ఇంజిన్ కారులో ఉన్నప్పుడు కూడా. బోల్టు లేనప్పుడు షాఫ్టుని వెనక్కి జరగనివ్వకండి.

మొదటి స్టార్టు

ఆయిలు, కూలెంట్ నింపి, ఇంధనం ఫ్యూజు తీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. పది సెకన్లు కొట్టి నిమిషం ఆపండి, లేకపోతే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

ట్యాంకులో టూ స్ట్రోక్ ఆయిల్ కలపండి. చేతక్ స్కూటరుకి బంకులో 2టి ఆయిల్ పోయించిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది కొత్త కాదు. ఈ ఇంజిన్‌కి ఎపెక్స్ సీళ్లని తడపడానికి సొంత ఆయిల్ మీటరింగ్ పంపు ఉంటుంది. అయినా కొత్త సీళ్లు కుదురుకునేదాకా లీటరుకి 8 మి.లీ. దాకా, అంటే గాలనుకి ఒక ఔన్సు, కలిపితే నష్టం లేదు. నేను ఆ తర్వాత కూడా సగం మోతాదు కలుపుతూనే ఉన్నాను.

ఫ్యూజు పెట్టి తాళం తిప్పండి. కొత్త సీళ్లు ఇంకా కుదురుకోలేదు కాబట్టి మొదట మొండికేస్తుంది. అందుకున్నాక మాత్రం పొగ చూసి భయపడకండి. లోపల రాసిన వ్యాసలినూ నూనె అంతా కాలి పోవాలి. మా వీధిలో పక్కింటాయన ఫోను చేతిలో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. అందుకని ముందే చెప్పి ఉంచండి, గ్యారేజీ బయట స్టార్ట్ చేయండి. 1500, 2000 చుట్ల మధ్య నడవనిచ్చి, ఉష్ణోగ్రత మీద కన్నేసి, కింద పడుకుని టార్చితో కారుడు చూడండి. పావుగంట తర్వాత పొగ పలచబడాలి. నీలంపొగ తగ్గకపోతే ఆయిల్ రింగులు, తెల్లపొగ తగ్గకపోతే నీళ్ల సీళ్లు. పూర్తిగా చల్లారనిచ్చి కూలెంట్ మట్టం చూసి మళ్లీ స్టార్ట్ చేయండి. ఇలా రెండు మూడు సార్లు.

ఎంత దూరం మెల్లగా నడపాలన్న దాని మీద ఇంజిన్ కట్టేవాళ్లలో ఎవరి మాట వాళ్లదే. నేను మొదటి వెయ్యి మైళ్లు 4000 చుట్లు దాటించలేదు. 500 దగ్గర ఒకసారి ఆయిలు, ఫిల్టరు మార్చాను. తీసిన ఫిల్టరు కోసి మడతలు విప్పి చూడండి. సన్నటి బూడిదరంగు పొడి మామూలే. సూది ముక్క కనిపిస్తే ఇంజిన్ ఆపేసి ముందు బోల్టు దగ్గరికి వెళ్లండి.

వెయ్యి మైళ్లు నిండాక మళ్లీ అదే గేజ్, అదే ప్లగ్గు కన్నం, అదే ఫోన్. నా రెండో ఇంజిన్ ముందు రోటర్‌లో మూడు దూకుళ్లూ 110 దగ్గర, వెనకదానివి 105 దగ్గర వచ్చాయి. ఆ అంకెలు నోటుబుక్కు చివరి పేజీలో తేదీతో సహా రాసి, గ్యాస్ స్టేషన్‌కి వెళ్లి పెట్రోలు పోయించి, పది నిమిషాలాగి తాళం తిప్పాను. అందుకుంది.